యలమందయ్య చదివింపులు

ప్రత్తిపాడు చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లి జరిగినా, ఓణీల ఫంక్షన్ జరిగినా, చదివింపుల బల్ల దగ్గర యలమందయ్య కాసేపు నిలబడిపోయేవాడు. డబ్బిచ్చేసి భోజనాల వైపు నడిచే రకం కాదాయన. బల్ల ముందు కూర్చున్నవాడు పేరూ ఊరూ రాసుకుని, మైకు పట్టుకున్నవాడు దాన్ని గొంతెత్తి చదివేదాకా అక్కణ్ణించి కదిలేవాడు కాదు. "యలమందయ్య గారు, వెయ్యి నూట పదహార్లూ!" అని వినపడగానే భుజం మీద కండువా సర్దుకునేవాడు. ఎవరెవరు తలతిప్పి చూశారో పందిరంతా ఒకసారి కలయజూసి, అప్పుడు బంతికి వెళ్లేవాడు.

అవి తొంభై అయిదు, తొంభై ఆరు నాటి రోజులు. ఓ మాదిరి రైతు నూట పదహార్లు చదివిస్తే గొప్ప. దగ్గరి చుట్టమైతే అయిదొందలు. యలమందయ్య మాత్రం చుట్టమా, పక్కమా, ముఖపరిచయమా అని చూసేవాడు కాదు. శుభలేఖ ఇంటికొచ్చిందంటే వెయ్యి నూట పదహార్లే. జబ్బు కాకపోతే మరేమిటి? తాగుడు అలవాటైనవాడికి పొద్దుగూకేసరికి నాలుక పీకుతుంది. ఈయనకు శుభలేఖ చూస్తే చెవులు పీకేవి.

ప్రత్తిపాడులో మైకు సెట్లు అద్దెకిచ్చే పీరు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టాడు. యలమందయ్య పేరు వచ్చిందంటే గొంతు పెంచేవాడు, 'గారు' అన్న మాటను కాస్త సాగదీసేవాడు. అందుకు యలమందయ్య పోతూ పోతూ అతని జేబులో పది రూపాయలు కుక్కేవాడు. కాబట్టి ఆయన చదివింపులు పైకి వెయ్యి నూట పదహార్లే అయినా, అసలు ఖర్చు వెయ్యి నూట ఇరవై ఆరు.

ఇంతకీ ఈ జమీందారు గారి ఆస్తి ఎంత? తండ్రి ఇచ్చింది ఎకరం. కౌలుకు చేసేది మూడెకరాలు. భార్య గురవమ్మ పేరున, పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద రాసిచ్చింది రెండెకరాలు. ఆ రెండెకరాలే ఆ ఇంటికి బలం. నల్లరేగడి, పక్కనే వాగు. పత్తి వేస్తే పత్తి, మిరప వేస్తే మిరప, ఏది వేసినా మొహం చాటెయ్యని నేల. గురవమ్మ తండ్రి ఇద్దరు కొడుకులతో పోట్లాడి మరీ దాన్ని కూతురికి రాశాడు. రాసిన రోజున, "ఇది నీదమ్మా, మీ ఆయనది కాదు, గుర్తుపెట్టుకో" అన్నాడట. గురవమ్మ గుర్తుపెట్టుకుంది. ఉన్న ఒక్క కూతురు భవ్యకు ఆ నేల చెక్కు చెదరకుండా అప్పజెబితే చాలు, తనకింకేమీ అక్కర్లేదు అనుకునేది. పొలం వెళ్తే భర్త ఎకరంలో పని తొందరగా తెమిల్చి, తన రెండెకరాల్లోకి వచ్చి గట్టుమీద కాసేపు ఊరికే కూర్చునేది. 

పంటకు మంచి ధర పలికిన రెండేళ్లలో యలమందయ్య ఇంటి రూపు మారిపోయింది. కలర్ టీవీ వచ్చింది. ఇంటి ముందు హీరో హోండా నిలబడింది. గుంటూరు నుంచి ఎర్రటి ఫ్రిజ్ ఒకటి ట్రాక్టర్లో దిగింది. దాన్ని వంటింట్లో పెట్టబోతే యలమందయ్య ఒప్పుకోలేదు. వీధి తలుపు తీస్తే ఎదురుగా కనపడేట్టు వసారాలో పెట్టించాడు. అందులో పెట్టడానికి ఆ ఇంట్లో ఏముంది? మంచినీళ్ల సీసాలు, వీధిలో పిల్లలు అడిగితే ఇవ్వడానికి ఐసు ముక్కలు. అన్నీ వాయిదాల మీద తెచ్చినవే. వాయిదా తారీకు వచ్చినప్పుడల్లా ఎరువుల కొట్టుకు పోయి చేబదులు తెచ్చేవాడు. ఎరువుల అప్పులో ఆ చేబదులు కలిసిపోయేది. 

వీటన్నిటికీ గురవమ్మ సర్దుకుపోయింది. చదివింపుల దగ్గరే ఆమెకు మండేది.

"ఎందుకయ్యా అంతంత పొయ్యటం? టీవీ అయితే ఇంట్లో ఉంటది, నేనూ పిల్లా చూసుకుంటాం. ఈ డబ్బు ఎక్కడికి పోతున్నట్టు?"

"నీకు తెలవదు, నోర్ముయ్యవే. ఇది పొయ్యటం కాదు, దాయటం. బ్యాంకోడి దగ్గరేస్తే వడ్డీ ఇస్తాడు. జనం దగ్గరేస్తే మర్యాదిస్తారు. మనింట్లో ఫంక్షనైన రోజున మొత్తం తిరిగొచ్చిద్ది. పైన పదో పరకో వేసి మరీ ఇస్తారు."

"మనకున్నది ఒక్క పిల్ల. ఎన్ని ఫంక్షన్లు చేస్తావేంది?"

దానికి యలమందయ్య టీవీ సౌండు పెంచేవాడు.

నిజానికి అక్కడి ఆచారం ఆయన చెప్పినట్టే ఉంది. మనం వాళ్లకు ఇచ్చింది వాళ్లు మనకు ఇవ్వాలి, ఇంకాస్త కలిపి ఇవ్వాలి. ఎవరింట్లో చదివింపుల పుస్తకం వాళ్ల బీరువాలో ఉంటుంది. శుభలేఖ రాగానే అది తీసి, వీళ్లు మనకెంత చేశారో చూసుకునే వెళ్తారు. యలమందయ్య ఆ ఆచారాన్ని నమ్మినంతగా కోటప్పకొండ స్వామిని కూడా నమ్మలేదు. ఆచారం వెనక ఉన్న మనుషుల సంగతి మాత్రం ఆయన ఆలోచించలేదు.

తొంభై ఏడులో పత్తికి పచ్చపురుగు తగిలింది. వారానికోసారి కొట్టిన మందు, మూడు రోజులకోసారి కొట్టినా పురుగు చావలేదు. కాయలన్నీ తొలిచేసి, కట్టె మిగిల్చింది. ఆ మరుసటి ఏడు మిరపకు ఆకు ముడత వచ్చింది. ఆ రెండేళ్లూ జిల్లాలో ఎన్ని కొంపలు మునిగాయో అందరికీ తెలిసిందే. యలమందయ్య కొంప కూడా మునిగేదే, అందులో వింత లేదు. కానీ మునుగుతూ కూడా ఆయన చదివింపులు ఆపలేదు. ఆ ఏడు తన వీధిలోనే జరిగిన పెళ్లికి, పురుగుమందు కొంటానని తెచ్చిన డబ్బులోంచి వెయ్యి నూట పదహార్లు చదివించి వచ్చాడు. తగ్గిస్తే, యలమందయ్య పని అయిపోయిందని ఊరు అనుకుంటుందట. ఊరు అప్పటికే అనుకుంటోంది.

అప్పంతా లక్ష్మీకాంత్ దగ్గరే. ప్రత్తిపాడులో ఎరువుల కొట్టు, పురుగుమందుల కొట్టు, ఆ పైన మూడు రూపాయల వడ్డీ వ్యాపారం ఆయనవి. తెల్ల చొక్కా, మెత్తటి మాట. బాకీ కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడి అరిచిన మనిషి కాదు. కొట్టుకు పిలిపించి, కూల్ డ్రింకు తెప్పించి, సీసా సగం తాగాక అడుగుతాడు. రెండు వేల సంవత్సరం నాటికి యలమందయ్య బాకీ లక్షా నలభై వేలకు చేరింది. ఒకరోజు కూల్ డ్రింకు సగం అయ్యాక లక్ష్మీకాంత్ అన్నాడు.

"బావా, నీ ఎకరం ఇంతకి చాలదు. చెల్లెమ్మ పొలం కాగితాల మీద ఒక సంతకం చేయించు. అమ్మకపు అగ్రిమెంటు. ఊరికే నా దగ్గర పడుంటది. నీ పొలం నాకెందుకు, నేను దున్నేవాడినా?"

గురవమ్మ సంతకం చెయ్యనంది. చెయ్యనంటే చెయ్యనంది. యలమందయ్య తిండి మానేశాడు. పురుగుమందు డబ్బా తెచ్చి మంచం కింద పెట్టుకున్నాడు. దాన్ని తాగే ధైర్యం ఆయనకు లేదని ఆమెకు తెలుసు. కానీ ఆ రెండేళ్లలో అలా తెలుసనుకున్న ఆడవాళ్లు ఎంతమంది బొట్టు చెరుపుకున్నారో కూడా ఆమెకు తెలుసు. కోటప్పకొండ స్వామి మీద ఒట్టు, నీ నేల నీ చేతిలో పెట్టేదాకా శుభలేఖ ముట్టుకోను అని కూతురి నెత్తిమీద చెయ్యి పెట్టి అన్నాడు. ఆమె ఏడుస్తూ సంతకం చేసింది. ఆ కాగితాలు లక్ష్మీకాంత్ ఇనప్పెట్టెలోకి వెళ్లాయి.

మరుసటి ఎండాకాలానికి భవ్యకు పదమూడేళ్లు నిండాయి. లక్ష్మీకాంత్ మళ్లీ కొట్టుకు పిలిచాడు.

"బావా, ఇన్నేళ్లబట్టీ జనానికి ఎంత చదివించి ఉంటావు?"

"లక్ష దాటే ఉంటదండీ."

"మరింకేం! పిల్లకి ఓణీల ఫంక్షన్ చెయ్యి. నీ డబ్బు నీకొచ్చిద్ది. నా బాకీలో పెద్ద ముక్క తెగిపోద్ది. చెల్లెమ్మ కాగితం ఆ సాయంత్రమే చించేస్తా."

"ఫంక్షనంటే ఖర్చు కదండీ."

"నేను లేనా?"

యలమందయ్య ఇంటికి వచ్చిన తీరు చూసి గురవమ్మ లాటరీ తగిలిందేమో అనుకుంది. ఆయన లెక్క చెబుతుంటే మొదటిసారి ఆమెకూ ఆశ పుట్టింది. పాపం, పుట్టదూ? ఇన్నేళ్లు పోయిందనుకున్న డబ్బు తిరిగొస్తుందంటే, తన రెండెకరాల కాగితం చిరిగిపోతుందంటే ఏ ఆడదానికి ఆశ పుట్టదు? ఆమె తన చేతుల్తో పసుపు కొమ్ములు దంచింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, ఇల్లిల్లూ గడప ఎక్కి బొట్టు పెట్టి పిలిచింది.

ఫంక్షన్ కు డెబ్బై వేలు అప్పు తెచ్చారు. ఏడు వందల మందికి భోజనాలు, రెండు స్వీట్లు, వీడియో, రంగు రంగుల లైట్లు, సింహాసనం లాంటి కుర్చీ. మైకు పీరుదే. ఆ పొద్దున యలమందయ్య అందరికంటే ముందు స్నానం చేసి, పందిట్లో చదివింపుల బల్ల స్వయంగా తుడిచాడు. దాని మీద తెల్ల గుడ్డ పరుస్తుండగా లక్ష్మీకాంత్ గుమాస్తా సాంబయ్య వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముందు ఒక రేకు పెట్టె పెట్టుకున్నాడు.

"మీరెందుకండీ, మా అన్న కొడుకు కూర్చుంటాడు" అన్నాడు యలమందయ్య.

"పర్లేదులే బాబాయ్. వచ్చింది వచ్చినట్టు కొట్టుకి చేర్చమన్నారు మా అయ్యగారు."

అంతే. ఆ కుర్చీలో సాంబయ్య కూర్చున్నాడన్న మాట మొదటి బంతి లేచేసరికి పందిరంతా పాకింది. ఆ ఊళ్లలో సాంబయ్యను ఎరగని రైతు లేడు. లక్ష్మీకాంత్ కు బాకీ పడని రైతు అంతకంటే లేడు. యలమందయ్య ఇల్లు ఎవరి చేతిలోకి పోయిందో ఒక్క కుర్చీ చూసి అందరూ అర్థం చేసుకున్నారు. జేబుల్లో లెక్కపెట్టి తెచ్చుకున్న నోట్లు జేబుల్లోనే ఆగిపోయాయి.

దయలేక కాదని చెప్పాలని ఉంది కానీ, దయలేకే. ఇచ్చినవాడికి తిరిగివ్వడం ఆచారమైతే, తిరిగివ్వడం ఎందుకంటే రేపు వాడు మళ్లీ ఇస్తాడని. ఇక ఇవ్వలేనివాడికి ఇవ్వడం ఏ పుస్తకంలోనూ లేదు. వెయ్యి నూట పదహార్లు తీసుకున్నవాళ్లు నూట పదహార్లు చదివించారు. కొందరు యాభై ఒకటి. కొందరు యలమందయ్య భుజం మీద చెయ్యి వేసి, "ఇక్కడెందుకులే అన్నా, రేపు ఇంటికొచ్చి నీ చేతిలో పెడతా" అని గుసగుసగా చెప్పి, రెండో స్వీటు కూడా తిని వెళ్లారు. గురవమ్మ సొంత అన్నలిద్దరూ అలాగే చెప్పారు. మైకులో పీరు చదువుతున్నాడు. ప్రతి పేరుకీ అంకె దిగుతోంది. గురవమ్మ వంటల పందిరి దగ్గర గరిటె పట్టుకుని నిలబడి, ఒక్కో అంకె వింటూ పెదవులు కదుపుతోంది. కూడుతోందో, మొక్కుకుంటోందో తెలియలేదు.

ఆఖరున లక్ష్మీకాంత్ వచ్చాడు. భవ్య నెత్తిన అక్షింతలు వేసి, బల్ల దగ్గరికి వెళ్లి, కొత్త నోట్ల కట్ట తీశాడు. "లక్ష్మీకాంత్ గారు, పది వేల నూట పదహార్లూ!" పందిరంతా చప్పట్లు కొట్టింది. అంత మొత్తం ఆ ఊళ్లో ఎవరూ వినలేదు. యలమందయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తన ఇంట్లో, తన కూతురి ఫంక్షన్లో, తన మైకులో పది వేలు చదివారు. పొద్దుటి నుంచి పడ్డ అవమానమంతా ఆ ఒక్క అంకెతో ఆయనకు మాసిపోయింది. పీరుకు ఇరవై రూపాయలిచ్చాడు.

సాయంత్రం లైట్లు విప్పుతుండగా సాంబయ్య రేకు పెట్టె చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు కొట్టులో లెక్క తేలింది. లక్ష్మీకాంత్ పది వేలు పోను, వచ్చింది ముప్పై ఒక్క వేలు.

"పోను అంటారేంటండీ? అది కూడా బాకీలో జమ చేసుకోవాలి కదా" అన్నాడు యలమందయ్య, ఎంతో మొహమాటపడుతూ.

లక్ష్మీకాంత్ నవ్వాడు. "నా డబ్బుతో నా బాకీ ఎట్లా తీరిద్ది బావా? అది నేను పిల్లకి చదివించింది. నీ దగ్గర ఉంటే ఖర్చైపోద్దని నేనే దాస్తున్నా. మావాడి పెళ్లికి నువ్వు నాకు తిరిగి చదివించాలిగా. ఆచారం నీకు చెప్పాల్నా?"

ఆయనిచ్చిన పది వేలు ఆయన ఇంటికే పోయాయి. వాటిని తిరిగివ్వాల్సిన బాధ్యత మాత్రం యలమందయ్యకు మిగిలింది. ఈ మాట విని ఎవడైనా కుర్చీ ఎత్తి కొట్టేవాడు. యలమందయ్య కూల్ డ్రింకు తాగి ఇంటికి వచ్చాడు.

రేపు ఇంటికొచ్చి ఇస్తామన్నవాళ్లు ఎవరూ రాలేదు. వారం చూసి గురవమ్మ బయల్దేరింది. ఆ ప్రాంతంలో పుట్టిన ఆడది ఎవరూ చెయ్యని పని చేసింది. చదివింపులు అడగడానికి గడప ఎక్కింది. మొన్న బొట్టు పెట్టి పిలిచిన ఇళ్లకే మళ్లీ వెళ్లి, "మీ పెద్దోడి పెళ్లికి మా ఆయన వెయ్యి నూట పదహార్లు చేశాడు, మీరు నూట పదహార్లే చేశారు, మిగతాది ఇప్పించండి" అని అడిగింది. ముక్కున వేలేసుకోని మనిషి లేడు.

"చదివింపులేమన్నా అప్పా, అడిగి వసూలు చేసుకోటానికి?" అంది ఒకామె.

"మీ ఆయన్ని మేం అడిగామా అంత చెయ్యమని? మైకు కోసం చేసుకున్నాడు" అంది ఇంకొకామె.

పెద్దన్న గుమ్మంలోనే నిలబెట్టి, "నాన్న నీకు రాసిచ్చిన రెండెకరాలు తినేసి, ఇప్పుడు మా మీద పడ్డావా?" అన్నాడు. ఆయనకు ఆ రెండెకరాలు పోతున్నాయన్న సంతోషం మొహంలో దాగలేదు.

ఈ సంగతి యలమందయ్య చెవిన పడింది. పొలం పోతోందని విన్నప్పుడు కూడా ఆయనకు అంత కోపం రాలేదు. ఆమె ఇంట్లోకి అడుగుపెట్టగానే జుట్టు పట్టుకుని కొట్టాడు. "నా పేరు వీధిలో పెట్టావు గదే! ఇప్పుడు నన్ను ఏ పందిట్లోకి రానిస్తారు?" భవ్య అడ్డం వచ్చి ఆమె కూడా రెండు తిన్నది. గురవమ్మ కింద కూర్చుని, చెదిరిన జుట్టు ముడేసుకుంటూ ఒకే మాట అంది.

"నా నేలయ్యా. నా నేల పోతంది. నీకు వినపట్టం లేదా?"

ఆయనకు నిజంగానే వినపడలేదు.

వానలు పడేలోపే రెండెకరాలూ రిజిస్ట్రేషన్ అయిపోయాయి. ఎకరం కూడా పోయింది. అయినా బాకీలో ముప్పై వేల పైచిలుకు మిగిలిందని లక్ష్మీకాంత్ అన్నాడు. ఫంక్షన్ అప్పు, దాని వడ్డీ, వడ్డీ మీద వడ్డీ. ఎంత మిగిలిందో ఆయన చెప్పిందే లెక్క. హీరో హోండా షోరూమువాళ్లు పట్టుకుపోయారు. ఫ్రిజ్ సగం ధరకు వేరే ఊరి వసారాకు పోయింది. 

అప్పటినుంచి గురవమ్మ కూలికి వెళ్లింది. జోహరాబీ అనే ఆమె ముఠా కట్టి, మిరపకాయ కోతకూ, కల్లాల్లో తొడాలు తియ్యడానికీ ఆడవాళ్లను తీసుకుపోయేది. సెలవురోజుల్లో భవ్య కూడా వెళ్లేది. ఎండిన కాయ తొడిమ తీస్తుంటే ఘాటు ముక్కులోకీ కళ్లలోకీ కొడుతుంది. సాయంత్రానికి వేళ్లు మండిపోయి, రాత్రి అన్నం కలుపుకోవాలంటే ప్రాణం పోతుంది. గురవమ్మ అన్నం గరిటెతో తినడం నేర్చుకుంది. పనిచేసేది చాలాసార్లు తన పాత పొలంలోనే. లక్ష్మీకాంత్ దాన్ని వేరేవాళ్లకు కౌలుకిచ్చాడు.

ఒకరోజు ఆమె ధైర్యం చేసి కొట్టుకు వెళ్లి అడిగింది. "వచ్చే ఏడు ఆ రెండెకరాలు నాకే కౌలుకిప్పించండన్నా. నా నేల సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలవదు."

"తప్పకుండా చెల్లెమ్మా. ఉగాదిలోపు మూడు వేలు అడ్వాన్సు కట్టు. నీకు కాక ఎవరికిస్తా?"

ఆ మూడు వేల కోసం గురవమ్మ ఏడాది పొడుగునా కూడబెట్టింది. ఇంట్లో పెడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కూలిలో కొంత జోహరాబీ దగ్గరే ఉంచేది. జోహరాబీ ఆ డబ్బును గుడ్డలో కట్టి, తన ట్రంకుపెట్టెలో భద్రంగా పెట్టేది. ఆ ఏడు ఫాల్గుణం వచ్చేసరికి మూడు వేలు నిండాయి, పైన కొంచెం చిల్లర కూడా. ఫంక్షన్ తర్వాత గురవమ్మ నవ్వడం భవ్య అప్పుడే చూసింది.

అదే వారంలో శుభలేఖ వచ్చింది. లక్ష్మీకాంత్ కొడుకు జయదేవ్ పెళ్లి, ప్రత్తిపాడు కల్యాణమండపంలో. సాంబయ్య స్వయంగా తెచ్చి యలమందయ్య చేతిలో పెట్టాడు. రెండేళ్లుగా ఆ ఇంటికి శుభలేఖ రాలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి, పసుపు అంటిన అంచు వాసన చూసి, యలమందయ్య రెండు రోజులు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పది వేలు తేలేడు. కానీ ఉత్త చేతులతో ఎలా వెళ్తాడు? వెళ్లకపోతే ఎలా?

జోహరాబీ దగ్గర మూట నిండిన సంగతి తల్లీకూతుళ్లు చెప్పుకుంటుంటే ఆయన విన్నాడు. పెళ్లి రోజు పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్లాడు. కండువా ఉతికి ఇస్త్రీ చేయించుకున్నాడు. 

"కౌలు అడ్వాన్సు ఇయ్యాలే కట్టమన్నారు లక్ష్మీకాంత్ గారు. గురవమ్మ పంపిచ్చింది" అన్నాడు.

జోహరాబీకి కాస్త అనుమానం వచ్చింది. కానీ కట్టుకున్న మొగుడు, కౌలు మాట సరిగ్గా చెప్పాడు. మూట తీసి ఇచ్చింది.

కల్యాణమండపంలో ఏసీ పెళ్లి. కార్లు బారులు తీరాయి. చదివింపుల బల్లకు పువ్వులు చుట్టారు. సాంబయ్యే కూర్చున్నాడు. మైకు పట్టుకుని పక్కన పీరు నిలబడ్డాడు. యలమందయ్య వరసలో నిలబడి, తన వంతు రాగానే నోట్లు సాంబయ్య చేతిలో పెట్టి, "మూడు వేల నూట పదహార్లు" అన్నాడు. ఆ అంకె చెప్పేటప్పుడు ఆయన గొంతులో పాత బింకం వచ్చింది.

సాంబయ్య నోట్లు లెక్కపెట్టి, పువ్వుల బల్ల మీద ఉన్న పుస్తకంలో కాక, సొరుగులోంచి ఇంకో చిన్న పుస్తకం తీసి అందులో రాశాడు.

"బాకీలో జమ వేశాను బాబాయ్. మా అయ్యగారు ముందే చెప్పారు, నువ్వొస్తే ఇందులో వెయ్యమని."

పీరు తర్వాతి పేరు చదివేశాడు. యలమందయ్య అక్కడే నిలబడ్డాడు. వెనకనున్నవాళ్లు తోస్తున్నారు.

"వేసుకోండి, బాకీలోనే వేసుకోండి. నాకేం అభ్యంతరం లేదు. పేరు మాత్రం చదివించండి."

"బాకీ కట్టినవాళ్ల పేర్లు కూడా చదవాలా ఏంటి?"

"ఒక్కసారి సాంబయ్యా. నీకు దణ్ణం పెడతా."

నిజంగానే పెట్టాడు. పక్కనే అతిథులతో మాట్లాడుతున్న లక్ష్మీకాంత్ అది చూశాడు. చూసి, చిరునవ్వుతో పీరు వైపు తల ఊపాడు. పీరుకు ఆ తల ఊపులో ఏముందో అర్థమైంది. అతనికీ ఆ కొట్టులో బాకీ ఉంది. మైకు నోటి దగ్గర పెట్టుకుని, పాత అలవాటున 'గారు' సాగదీశాడు.

"యలమందయ్య గారు, బాకీ కింద జమ, మూడు వేల నూట పదహార్లూ!"

మండపమంతా ఘొల్లుమంది. వెనక వరసల్లో ఎవడో ఈల వేశాడు. పెళ్లికొడుకు కూడా నవ్వాడు. యలమందయ్య ఒక్క క్షణం నేల చూశాడు. తర్వాత కండువా సర్దుకున్నాడు. ఏమైతేనేం, పేరు వచ్చింది. గారు అన్నారు. అంతమంది తలతిప్పి చూశారు. అలా అనుకున్నాడు ఆ మనిషి. ఆయనను చూసి జాలిపడాలో, చెంప పగలగొట్టాలో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి.

భోజనాల హాల్లోకి వెళ్లి ఒక చివర కుర్చీలో కూర్చున్నాడు. అరటాకులో పులిహోర, బూరె, వంకాయ కూర పడ్డాయి. ఆకలి మీద ఉన్నాడు. రెండు ముద్దలు తిన్నాక తలెత్తితే, తెరిచి ఉన్న తలుపులోంచి చదివింపుల బల్ల కనపడింది. బల్ల ముందు గురవమ్మ నిలబడి ఉంది.

జోహరాబీ చెప్పగానే కల్లంలోంచి తిన్నగా వచ్చినట్టుంది. చీర నిండా మిరప దుమ్ము, చేతులు మోచేతిదాకా ఎర్రగా ఉన్నాయి. పట్టుచీరల వాళ్లు పక్కకు జరిగి, కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుంటున్నారు. 

"నా డబ్బులు నాకిప్పించండి. అది నా రెక్కల కష్టం. కౌలు డబ్బులు అవి" అంటోంది. అరవడం లేదు. మైకు పక్కనే ఉండటంతో ఆ మాటలు హాలంతా వినపడుతున్నాయి. పీరు మైకు ఆపలేదు, చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"జమైపోయింది చెల్లెమ్మా" అంటున్నాడు లక్ష్మీకాంత్, ఎప్పటిలాగే మెత్తగా. "శుభమా అని పెళ్లి జరుగుతుంటే రాసింది కొట్టేస్తామా? కౌలుకి ఉగాదిదాకా టైముందిగా, ఇంకా పది రోజులు. చూసుకో. వచ్చావు కాబట్టి భోంచేసి వెళ్లు."

"పది రోజుల్లో మూడు వేలు నేనెక్కణ్ణించి తేను? అన్నా, నీకు కాళ్లు మొక్కుతా. నా నేల అది. మా నాన్న నాకిచ్చింది." ఆమె వంగింది. ఆయన పట్టుపంచెకు మిరప చేతులు తగలకుండా రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆమె లేచి హాలు వైపు చూసింది. భర్త కోసం వెతుకుతోంది. యలమందయ్య మొహం ఆకు మీదికి దించేశాడు. ఆయన పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒంగోలు వైపు నుంచి వచ్చిన చుట్టం. ఈ ఊళ్ల సంగతులేవీ తెలియవు. ఆయన బూరె కొరుకుతూ అడిగాడు.

"ఎవరండీ ఆవిడ? పాపం, అంత గోల పెడతంది."

"ఏమోనండీ" అన్నాడు యలమందయ్య. ముద్ద కలుపుతూ, "మా ఊరామే అనుకుంటా" అన్నాడు.

వడ్డించేవాడు పులిహోర బేసిన్ తో ఎదురుగా వచ్చి ఆగాడు. "ఇంకొంచెం వెయ్యమంటారా?"

యలమందయ్య ఆకులో చోటు చేశాడు. "వెయ్యి" అన్నాడు.